లారీ డ్రైవరు నడిపిన గంటలూ లెక్కలోకి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

జాతీయ రహదారి మీద లారీ ప్రమాదం జరిగిన మర్నాడు పత్రికల్లో వచ్చే వార్త చివర తరచుగా ఒకే మాట కనిపిస్తుంది. డ్రైవరు నిద్రమత్తులో ఉండటమే కారణమని పోలీసులు భావిస్తున్నారని రాస్తారు. అక్కడితో వార్త అయిపోతుంది. ఆ డ్రైవరు అప్పటికి ఎన్ని గంటలుగా స్టీరింగు మీద ఉన్నాడు, లోడు ఎప్పుడు పూర్తయింది, ఎన్ని గంటలకల్లా చేరాలని చెప్పి పంపారు అన్నవి ఎక్కడా రావు. ఇవి ఇవాళ తెలుసుకోలేని సంగతులు కావు. హైవే ఎక్కే లారీల్లో చాలావాటికి జీపీఎస్ ఉంది. బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏ నిమిషానికి ఎంత స్పీడులో ఉంది అనేదంతా అందులో నమోదవుతుంది. ఆ సమాచారాన్ని మనం దేనికి వాడుతున్నాం, దేనికి వాడాలి అన్న విషయం మీద నాలుగు మాటలు రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కైకలూరు. మా ఆయన, నేను కలిసి ఏడు లారీలు నడుపుతున్నాం. ఆయన ఒకప్పుడు డ్రైవరే. ఇప్పుడు షెడ్డు, టైర్లు, రిపేర్లు ఆయన చూసుకుంటారు. ఫోన్లు, బిల్టీలు (సరుకు రవాణా రసీదులు), కిస్తీలు, డీజిల్ లెక్కలు నేను చూస్తాను. జీపీఎస్ కూడా నా ఫోనులోనే ఉంటుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపల్ని ఐసు వేసి హౌరా చేర్చడం మా ముఖ్యమైన పని. ఏలూరు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే రాజమండ్రి, తుని, విశాఖ, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, ఆపైన ఒడిశా అంతా దాటి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా. దగ్గర దగ్గర 1,200 కిలోమీటర్లు.

చేపల లోడుకు తొందర ఎక్కువ. అక్కడి మార్కెట్టు తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ వేళకు బండి చేరకపోతే సరుకు మర్నాటిదాకా ఆగుతుంది, రేటు పడుతుంది. మామూలుగా మేం రాత్రి 8 గంటలకు బయల్దేరి ఎల్లుండి తెల్లవారుజామున 2 గంటలకు చేరేలా ఒప్పుకుంటాం. అంటే చేతిలో 30 గంటలు. బండి కదిలినంతసేపూ సగటున గంటకు 55 కిలోమీటర్లు నడిచిందనుకుంటే 1,200 కిలోమీటర్లకు 22 గంటలు కావాలి. మిగిలేవి 8 గంటలు. భోజనాలు, స్నానం, డీజిల్, టైర్లు చూసుకోవడం, ఊళ్ల దగ్గర ట్రాఫిక్కు, నిద్ర అన్నీ ఆ 8 గంటల్లోనే.

ఇప్పుడు లోడింగు ఆలస్యమైందనుకోండి. వల లాగడం లేటయింది, కాటా దగ్గర పేచీ వచ్చింది, ఐసు బండి రాలేదు, ట్రేలు చాలలేదు. కారణం ఏదైనా కావచ్చు, బండి రాత్రి 8కి కాకుండా 12కి బయల్దేరింది. హౌరాలో చేరాల్సిన టైము మాత్రం మారదు. 30 గంటల్లో 4 పోతే 26 మిగిలాయి, పైకి చూస్తే పెద్ద తేడాలా అనిపించదు. కానీ 22 గంటల డ్రైవింగు ఎలాగూ తగ్గదు. ఆగడానికి ఉన్న 8 గంటలే 4 గంటలవుతాయి. చెరువు గట్టు మీద పోయిన టైమంతా డ్రైవరు విశ్రాంతిలోంచే తీస్తున్నాం.

స్పీడు పెంచి సర్దుకోవచ్చు కదా అంటారు. సరుకు బండ్లకు గంటకు 80 దాటకుండా స్పీడు గవర్నర్లు ఉన్నాయి, ఉండాలి కూడా. పైగా లోడు బండి 80లో పోతే డీజిల్ తాగుతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. స్పీడుకు పైన మూత ఉంది, ఆగే టైముకు కింద హద్దు లేదు. అందుకే ఆలస్యమైన ప్రతిసారీ కోత పడేది నిద్రకే. ఇద్దరు డ్రైవర్లు ఉంటారు కదా అని పార్టీలు, అంటే సరుకు పంపేవాళ్లు, తీసుకునేవాళ్లు, అంటుంటారు. కదులుతున్న బండిలో, సీటు వెనక బల్ల మీద, హారన్ల మధ్య పడుకున్నది నిద్ర లెక్కలోకి రాదు. మా ఆయన్ని అడిగితే ఆ మాటే చెబుతారు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. అలా ఆలస్యంగా బయల్దేరిన బండి ఒకటి రాజమండ్రి దాటి తుని వైపు వెళ్తోంది. మూడు దాటింది. మా పరికరం కొద్దిసేపటికోసారి స్పీడు పంపుతుంది. రోడ్డు ఖాళీ, ఘాట్ రోడ్డు కాదు, ఊరు లేదు. అయినా నంబర్లు 62, 61, 47, 63, 44, 60 అని వస్తున్నాయి. మెలకువగా ఉన్న డ్రైవరు కాలు అలా ఉండదు. రెప్ప వాలినప్పుడు యాక్సిలరేటరు మీద కాలు సడలుతుంది, ఉలిక్కిపడి లేచి మళ్లీ నొక్కుతాడు. స్టీరింగు మీద ఉన్న కుర్రాడికి ఫోను చేయలేదు. వెనక పడుకున్న పెద్ద డ్రైవరుకు చేశాను.

"బాబాయ్, అబ్బాయిని ఓసారి పలకరించండి. స్పీడు నిలకడగా లేదు."

"ఆ... లేచానమ్మా. ముందు బంకు ఉందిలే, అక్కడ పెట్టిస్తా."

"మీరూ వెంటనే ఎక్కకండి. ఇద్దరూ పడుకోండి. పార్టీతో నేను మాట్లాడతా."

ఇంజను 3:20కి ఆగింది. 5:10కి మళ్లీ స్టార్టయింది. ఈలోగా హౌరా పార్టీకి, బండి ఎక్కడుందో ఫోనులో చూసుకునే లింకు పంపి, రెండు గంటలు ఆలస్యమవుతుందని చెప్పాను. ఆయన గట్టిగానే మాట్లాడారు. బండి చేరాక రేటు కొంచెం తగ్గించారు కూడా. చేపకు మాత్రం ఏమీ కాలేదు. సరిగ్గా ఐసు పట్టిన లోడు రెండు గంటలకు పాడవదు. ఆ రేటు తగ్గింపు మేమే భరించాం, డ్రైవర్ల బత్తాలో కోయలేదు.

రోజూ రాత్రంతా మేలుకుని స్క్రీను చూడటం ఎవరి వల్లా కాదు. అందుకని అలారం పెట్టుకున్నాం. ఇంజను ఆగకుండా నాలుగు గంటలు నడిస్తే మెసేజ్ వస్తుంది. ముందు సెకండ్ డ్రైవరుకు, పావుగంటలో బండి ఆగకపోతే నాకు. ఐదు గంటలు దాటి ఎవరూ స్టీరింగు మీద ఉండకూడదన్నది మా పద్ధతి. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటల పని, ఐదు గంటలకు మించకుండా కనీసం అరగంట విశ్రాంతి అని రాశారు. అప్పట్లో రోడ్డు మీద ఉన్న డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో తేల్చే మార్గం లేదు, చట్టం కాగితం మీదే ఉండిపోయింది. ఇప్పుడా మార్గం మూడు వేల రూపాయల పెట్టెలో దొరుకుతోంది. 2021 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు పైలట్లకు ఉన్నట్టే లారీ డ్రైవర్లకూ డ్రైవింగు గంటలు నిర్ణయించాలని, నిద్రను పసిగట్టే సెన్సర్లు పెట్టాలని అన్నారు. మంచి మాట. కొత్త సెన్సర్లు వచ్చేలోపు ఉన్న జీపీఎస్‌తోనే గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టవచ్చు.

మన రవాణా శాఖ నివేదికలో ఆ లెక్కే లేదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. పదింట ఏడు మరణాలకు అతివేగం కారణమని చూపించింది. అతివేగం, మద్యం, రాంగ్ సైడు, రెడ్ సిగ్నల్ దాటడం, సెల్‌ఫోను అని విడివిడిగా గడులున్నాయి. నిద్రకు వేరే గడి లేదు. అలిసిపోయి పడిపోయిన డ్రైవరు 'ఇతర కారణాల'లోనో, అతివేగంలోనో కలిసిపోతాడు. గడి లేనిదానికి పరిష్కారం ఎవరు వెతుకుతారు? ప్రమాదం జరిగిన లారీకి జీపీఎస్ ఉంటే, అంతకుముందు 24 గంటల్లో బండి ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది అన్నది పోలీసులు రికార్డులో రాయాలి. విలేకరులు కూడా ఆ ప్రశ్న అడగాలని మీ ద్వారా కోరుతున్నాను. అప్పుడు డ్రైవరు ఒక్కడే కాకుండా, బండి యజమానిగా నేనూ, లోడు పంపిన పార్టీ కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పాలి.

ఇక ఖర్చు సంగతి. ఇవన్నీ వందల బండ్లున్న కంపెనీలకు గాని మనకెందుకు అని ఒకటి రెండు లారీలున్నవాళ్లు నాతో అంటుంటారు. వాళ్ల కోసం మా లెక్కే చెబుతాను. మామూలు రకం పరికరానికి బండికి మూడు వేల చిల్లర అయింది. సిమ్ముకు, సాఫ్ట్‌వేరుకు కలిపి ఏడాదికి పదిహేను వందల దాకా కడుతున్నాం. మా పది చక్రాల బండి లోడు మీద లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చేది. హౌరాకు 300 లీటర్లు పట్టేది. 75, 80లో లాగించి ధాబా దగ్గర గంట కూర్చునే అలవాటు మాని, 60, 65 మధ్య నిలకడగా నడిపితే 4.3 దాకా వస్తోంది. అంటే 280 లీటర్లు. మిగిలిన 20 లీటర్లకు, అప్పట్లో లీటరు 97 రూపాయల చొప్పున, రెండు వేలకు దగ్గర. ఒక్క ట్రిప్పులో ఏడాది చందా వచ్చేసింది. అలా మిగిలిన డీజిల్ డబ్బులో సగం డ్రైవర్లకే ఇస్తున్నాం. నడిపేది వాళ్లు కాబట్టి అది వాళ్లకు రావలసిందే. సడన్ బ్రేకులు తగ్గాక టైర్లు కూడా ఎక్కువ కాలం వస్తున్నాయని మా ఆయన అంటున్నారు.

ఇంజను ఆన్‌లో ఉండి బండి కదలని గంటలు కూడా రిపోర్టులో వస్తాయి. పెద్ద ఇంజను ఊరికే తిరిగితే గంటకు రెండు లీటర్ల వరకు పోతుంది. అది చూసి డ్రైవర్లను తిట్టే యజమానులున్నారు. మే నెలలో మధ్యాహ్నం పూట ఇనప క్యాబిన్‌లో పడుకోవాలంటే ఎవరైనా ఇంజను ఆపరు, గాలి కావాలి కదా. మేం బ్యాటరీ మీద తిరిగే 24 వోల్టుల ఫ్యాన్లు రెండు, కిటికీలకు దోమతెర పెట్టించాం. ఆ గంటలు వాటంతట అవే తగ్గాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. సంతోషం. రోడ్డు మీద ఉన్న పాత బండ్ల డ్రైవర్లకు మాత్రం ఫ్యానే దిక్కు. అదైనా పెట్టించండని తోటి యజమానులను అడుగుతున్నాను.

మూడు వేలు కూడా ఇప్పుడు కుదరదనే వాళ్లకు ఇంకో దారి ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ అందరికీ తప్పనిసరి. టోలు దాటిన ప్రతిసారీ యజమాని ఫోనుకు టైముతో మెసేజ్ వస్తుంది. వేంపాడు, నాతవలస, మడపాం, బెల్లుపడ టోల్‌గేట్లు దాటిన టైములు వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. రెండు గేట్ల మధ్య దూరం మీకు తెలుసు. అందులో బండి ఎక్కడైనా ఆగిందా, ఆగకుండా ఎన్ని గేట్లు దాటింది అన్నది తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి పది నుంచి తెల్లవారేదాకా ఎక్కడా విరామం లేకుండా మెసేజ్‌లు వచ్చాయంటే, టీ వేళకు సెకండ్ డ్రైవరుకు ఫోను చేసి బండి పక్కన పెట్టమనడానికి జీపీఎస్ అక్కర్లేదు.

పరికరాలు అమ్మేవాళ్లు చెప్పేవన్నీ కొనాల్సిన పని లేదు. ముఖ్యంగా ఒకటి వద్దు. ఫోను నుంచే ఇంజను ఆపేసే రిలే అని ఒకటి పెడతామంటారు. దొంగతనం జరిగితే బండి ఆగిపోతుందని చెబుతారు. కిస్తీ కట్టనప్పుడు ఆపుకోవచ్చని ఫైనాన్సు వాళ్లకూ అది ఇష్టం. పరుగులో ఉన్న లోడు లారీ ఇంజను హఠాత్తుగా ఆగితే పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఆగిపోతుంది. వెనకొచ్చే బండికి హెచ్చరిక ఉండదు. ఎక్కడో ఇంట్లో కూర్చున్న మనిషి వేలితో నొక్కితే హైవే మధ్యలో పాతిక టన్నుల బండి ఆగిపోయే ఏర్పాటు ఎవరి ప్రాణానికీ మంచిది కాదు. బండి ఆగివుండి, ఇంజను ఆఫ్‌లో ఉన్నప్పుడు మళ్లీ స్టార్టవకుండా చేసే రకం అయితే సరే. ఆ తేడా అడిగి తెలుసుకుని మరీ పెట్టించుకోండి.

అలాగే వైరింగు. పెట్టేవాళ్లు తొందరలో ఎక్కడ పడితే అక్కడ వైరు కోసి టేపు చుట్టి వెళ్లిపోతారు. విడిగా ఫ్యూజు లేకుండా కనెక్షను ఇవ్వనివ్వకండి. బీఎస్ 6 కాలుష్య ప్రమాణంతో వచ్చే కొత్త బండ్లలో వైరింగు కదిపితే వారంటీకి ఇబ్బంది వస్తుంది కాబట్టి ముందే సర్వీసు సెంటరులో అడగండి. డీజిల్ ట్యాంకులో పెట్టే సెన్సరు మీద కూడా తొందరపడి ఎవరినీ దొంగ అనొద్దు. బండి వాలులో నిలబడితే, గుంతల్లో ట్యాంకు కుదిపితే రీడింగు మారుతుంది. సెన్సరును ట్యాంకు కొలతకు సరిగ్గా సరిచేయకపోతే ముప్పై లీటర్లు మాయమైనట్టు చూపిస్తుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నిండుగా కొట్టించి కిలోమీటర్లతో లెక్క చూసుకునే పాత పద్ధతి చిన్న యజమానికి చాలు.

జీపీఎస్ పెట్టిన కొత్తలో డ్రైవర్లు బాధపడ్డారు. "ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఇప్పుడు మా మీద నిఘానా అమ్మా" అని పెద్ద డ్రైవరు అడిగారు. ఆయన అడిగింది న్యాయం. అందుకని నేను చూసే స్క్రీను వాళ్లూ చూసేలా లింకులు ఇచ్చాం. క్యాబిన్ లోపలికి చూసే కెమెరా పెట్టలేదు, రోడ్డు వైపు మాత్రమే పెట్టాం. డ్రైవర్ల వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే యజమానులను చూశాను, అది తప్పు. మనుషుల వ్యక్తిగత సమాచారానికి రక్షణ ఉండాలని 2023లో చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం లారీ డ్రైవరుకు వర్తించదని ఎవరూ అనుకోకూడదు.

ఆ రికార్డు డ్రైవర్ల పక్షాన నిలబడ్డ సందర్భాలు వచ్చాకే వాళ్ల మనసు మారింది. అన్‌లోడింగు దగ్గర బండి తొమ్మిది గంటలు నిలబడితే, రెండు గంటలే నిలబడిందని పార్టీ వాదించింది. బండి గేటులోకి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము చూపించాం. హాల్టింగు డబ్బు వచ్చింది, డ్రైవర్ల బత్తా వాళ్లకు చేరింది. అంతకుముందు ఆ డబ్బు ఎప్పుడూ వాళ్ల చేతికి రాలేదు.

ప్రమాదాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపేస్తే హైదరాబాదులో పెట్రోలు బంకుల దగ్గర ఎంతెంత క్యూలు ఉన్నాయో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై, పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలు అనే, కొత్త శిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహిత 106(2) మీద వాళ్ల భయం అది. 2024 జూలై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ భాగాన్ని పక్కన పెట్టారు. దెబ్బ తగిలిన మనిషికి సాయం చేయాలి, పోలీసులకు చెప్పాలి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ఎప్పటినుంచో చెబుతోంది. చెప్పాలనే ఉంటుంది, కానీ జనం చుట్టుముడితే ప్రాణభయంతో డ్రైవరు దిగి పరుగెత్తుతాడు. మా బండ్లలో ఎర్ర బటన్ ఒకటి ఉంది. నొక్కగానే చోటు, టైముతో నాకు మెసేజ్ వస్తుంది. ఆ క్షణమే నేను 112కీ, హైవే హెల్ప్‌లైను 1033కీ ఫోను చేస్తాను. అంబులెన్సు ముందుగా కదులుతుంది, డ్రైవరు సమాచారం ఇచ్చాడనడానికి రుజువూ ఉంటుంది. ఈ పద్ధతి ప్రతి డ్రైవరుకూ నేర్పాలి. ఆ బటన్ పనిచేస్తోందో లేదో బండి బయల్దేరే ముందు నొక్కి చూడాలి.

ప్రభుత్వానికి రెండు విన్నపాలు. బస్సులు, ట్యాక్సీలకు ఏఐఎస్ 140 ప్రమాణంతో ట్రాకింగు పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలన్న నిబంధన ఉంది. దాన్ని మామూలు సరుకు లారీలకూ తెస్తే చిన్న యజమాని భయపడేది ఒక్కదానికే, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ పరీక్ష) రోజున సర్టిఫికెట్టు కోసం కొనాల్సిన ఇంకో పెట్టె అవుతుందేమోనని. ఇప్పుడొచ్చే బీఎస్ 6 లారీల్లో కంపెనీలే ట్రాకింగు పెట్టి ఇస్తున్నాయి. టాటాకు ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్‌కు ఐ-అలర్ట్, ఒక్కో కంపెనీది ఒక్కో యాప్. మా ఏడు బండ్లు ఒక కంపెనీవి కావు కాబట్టి ఒక్కో బండికి ఒక్కో చోట చూడాలి. బండిలో ఉన్న పరికరాన్నే చాలినదిగా గుర్తించి, ఏ కంపెనీదైనా సమాచారం ఒకే చోట చూసుకునేలా నిబంధన పెడితే మళ్లీ కొనే బాధ తప్పుతుంది.

రెండోది, ఆగడానికి చోటు. డ్రైవరుకు నిద్ర వస్తోందని నాకు తెలిసి లాభమేమిటి, బండి పెట్టే జాగా లేకపోతే? రోడ్డు అంచున నిలిపితే వెనకొచ్చే కారు ఢీకొంటుంది. మన పోలీసులు రాత్రిపూట లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపే కార్యక్రమం చేశారు. ఆ శ్రద్ధకు దండం పెడతాను. కానీ నీళ్లు చల్లుకున్న మెలకువ కాసేపే ఉంటుంది, శరీరానికి కావలసింది నిద్రే. రాత్రిపూట లారీలను ఉండనిచ్చే బంకులు, లైట్లు, మరుగుదొడ్లు ఉన్న చోట్లు మా డ్రైవర్లు చెప్పినవన్నీ మ్యాపులో గుర్తు పెట్టుకున్నాం. తుని, విశాఖ మధ్య మాకు తెలిసినవి చాలా తక్కువ. మా ఒక్క రూటులోనే లారీల జీపీఎస్ రికార్డులన్నీ కలిపి చూస్తే రాత్రిపూట బండ్లు ఎక్కడెక్కడ రోడ్డు పక్కన నిలబడుతున్నాయో హైవే అధికారులకు స్పష్టంగా కనిపిస్తుంది. విశ్రాంతి స్థలాలు కట్టాల్సింది అక్కడే.

చివరగా కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చేపల వ్యాపారులకు, లోడు పంపే కమీషను ఏజెంట్లకు నా మనవి. సిమెంటో టైల్సో వేసుకుని వెళ్లే లారీకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తోంది. ఆ లెక్కన 1,200 కిలోమీటర్లకు ఆరు రోజులు. చేపకు ఆరు రోజులు ఎవరూ అడగరు. మేం అడిగేది 30 గంటలు, అది కూడా లోడింగు పూర్తయి బండి గట్టు దిగిన నిమిషం నుంచి. మా బిల్టీలో ఇప్పుడు ఒక గీత అదనంగా కొట్టించాం. 'లోడింగు పూర్తయిన టైము' అని ఉంటుంది. దాని పక్కన లోడు ఇచ్చిన వాళ్లు సంతకం చేస్తారు. చేరాల్సిన టైము దాన్నుంచి లెక్కపెడతాం. బండి లింకు రెండు పార్టీలకూ అదే నిమిషంలో వెళ్తుంది. ఒక పార్టీ ఒప్పుకోక వేరే ట్రాన్స్‌పోర్టుకు వెళ్లిపోయింది. మిగతా వాళ్లు గొణిగినా సంతకం చేస్తున్నారు. కొందరైతే బండి కట్టకముందే ఐసు తెప్పించి ఉంచుతున్నారు, ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుందో తెలిసింది కాబట్టి. మేమొక్కళ్లమే చేస్తే లోడు పక్క వాళ్లకు పోతుంది. ఊళ్లో లారీ యజమానులందరూ ఇదే గీత కొట్టిస్తే పార్టీలకు వేరే దారి ఉండదు. బిల్టీ నమూనా కావలసిన వాళ్లు మా షెడ్డుకు వస్తే ఇస్తాను, కొట్టించుకోవడానికి ప్రింటింగు ప్రెస్సులో పుస్తకానికి అయ్యే ఖర్చు తప్ప ఇంకేమీ లేదు.

ఇట్లు,
ఒక లారీ యజమానురాలు,
కైకలూరు